ఏడో ఉచ్చు

అడవి అంచున ఒక అవ్వ ఉండేది. కౌజుపిట్టలకు ఉచ్చులు పన్ని బతికేది. పొలమా, పుట్రా? ఏమీ లేవు. ఉన్నవల్లా రెండు చేతులూ, గుర్రపు తోక వెంట్రుకల చుట్టా.

పిట్టలు నడిచే దోవకు అడ్డంగా ముళ్లకంప పరిచి, మధ్యలో తాడు కట్టి, ఆ తాడుకు పన్నెండు ఉచ్చులు వేలాడదీసేది. పిట్ట దూరిందా, ఉచ్చు బిగుసుకున్నట్టే. ఏడోది ఒక్కటి మాత్రం బిగిసేది కాదు. దాని ముడి వదులు. అందులో దూరిన పిట్ట రెక్కలు దులుపుకుని తన దారిన తాను పోయేది.

ఆ ఊళ్లోనే వేట సామాన్ల అంగడి పెట్టుకున్న ఆసామి ఒకడున్నాడు. తలకు జలతారు తలపాగా. తలపాగా ఎంత పెద్దదంటే, ముందు అది గుమ్మం దాటేది, ఆ తర్వాత ఆయన దాటేవాడు. ఈయన సంతలో అవ్వ దగ్గర ఒక వరస ఉచ్చులు కొన్నాడు. తీసుకుపోయి తన పనివాళ్ల ముందు పడేశాడు.

"ఉన్నది ఉన్నట్టు దించండి. వెంట్రుకవాసి తేడా రాకూడదు," అన్నాడు.

పనివాళ్లు పాపం చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్లు. పన్నెండూ దించారు. ఏడోదాన్ని కూడా వదులుగానే కట్టారు.

ఆ రాజ్యంలో ఒక పద్ధతి ఉంది. కొత్త పనిముట్టు కనిపెట్టినవాడు రాజుగారి రాతకోతలు చూసే రాయసం దగ్గరికి పోయి రాగిరేకు చెక్కించుకోవాలి. చెక్కించుకున్నాక ఆ పనిముట్టు వాడిది. ఇంకెవరూ చెయ్యడానికి వీల్లేదు. కనిపెట్టి కూడా చెక్కించుకోనివాడి గతేమిటంటారా? వాడు కనిపెట్టనట్టే. ఇది న్యాయమేనా అని నన్నడక్కండి, పద్ధతి నేను పెట్టింది కాదు.

తలపాగా ఆసామి రేకు అడిగిన మర్నాడే ఒక భటుడు అడవికి వచ్చి అవ్వ వరసను తాడుతో సహా కోసుకుపోయాడు. అవ్వ ఇంట్లో ఆ పూట పొయ్యి రాజలేదు. ఆమె చంకన ఖాళీ గంప పెట్టుకుని తిన్నగా రాజసభకు పోయింది.

రాజు వరసను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకు ఇలాంటి తగవులంటే మహా సరదా.

"ఏమయ్యా, ఏడోది వదులుగా ఉందేం?" అన్నాడు.

తలపాగా ఆసామి గతుక్కుమన్నాడు. అది వదులుగా ఉందన్న సంగతి ఆయన చూసింది అప్పుడే. అయినా నోరున్నవాడు గదా!

"గాలి పోవడానికి ప్రభూ. గాలి ఆడకపోతే వెంట్రుక మాగిపోతుంది. ఎన్నో రాత్రులు నిద్రమాని ఆలోచిస్తే తట్టింది."

సభంతా ఆహా అంది. రాజు అవ్వ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పవ్వా, ఎందుకు వదులు?"

"మా అమ్మ అట్లాగే వదిలేది దొరా. ఆమెకు వాళ్లమ్మ చెప్పిందంట."

రాయసం కలం చెవికి దోపుకుని లేచాడు. "ప్రభువులు గమనించాలి. ఇది తనది కాదని ఈమే ఒప్పుకుంటోంది. వాళ్లమ్మదట. అయితే వాళ్లమ్మ వచ్చి చెప్పుకోవాలి."

"ఆమె పోయి ముప్పై ఏళ్లయింది నాయనా," అంది అవ్వ.

"పిలిచినా రాలేదని రాసుకుంటాను," అన్నాడు రాయసం. రాసుకున్నాడు కూడా!

రేకు చెక్కారు. పన్నెండు ఉచ్చులు, అందులో ఏడోది వదులు, హక్కు తలపాగా ఆసామిది. అవ్వ గంప తీసుకుని లేస్తుంటే రాయసానికి కాస్త జాలి కలిగింది. దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు.

"ఏడోదాన్ని కూడా బిగించి కట్టుకో అవ్వా. అప్పుడది రేకు మీదున్న వరస కాదు. నిన్నెవరూ ఏమీ అనరు."

"అట్లా చేస్తే నాకు అన్నం సయిస్తుందా?" అంది అవ్వ. కోపంతోనే అంది.

ఇంటికి పోయి చాలాసేపు కూర్చుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత వెంట్రుకలు ముందేసుకుని కొత్త వరస కట్టింది. ఆరు కట్టింది. ఏడోది కట్టకుండా వదిలేసింది. మళ్లీ అయిదు కట్టింది. మధ్యలో జానెడు సందు.

నాలుగు రోజులు తిరక్కుండానే తలపాగా ఆసామి లబోదిబోమంటూ సభకు పరుగెత్తాడు.

"ప్రభూ, ఆ సందు నాది! నా ఏడో ఉచ్చు ఉండాల్సిన చోటు అది!"

"అక్కడేమీ లేదు గదా దొరా," అంది అవ్వ. "లేనిదాన్ని నేనెట్లా దొంగిలించాను?"

రాజుకు నవ్వు ఆగలేదు. "ఏమయ్యా, ఖాళీ కూడా నీదేనా?"

"నాదే ప్రభూ. రేకు మీద ఎక్కించండి."

అవ్వ ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టింది. "సరే దొరా, సందు ఆయనదే అనుకుందాం. మరి ఆ సందులోంచి పోయే పిట్ట ఎవరిది?"

తలపాగా ఆసామి కళ్లు మెరిశాయి. సందు అవతల నలుగురు మనుషుల్ని వలలిచ్చి కూర్చోబెడితే చాలు, కంప కొట్టే పని లేదు, ఉచ్చు కట్టే పని లేదు! అవ్వ కష్టపడితే పిట్ట తన గంపలో పడుతుంది.

"నాదే!" అన్నాడు, రాజు నోరు తెరవక ముందే.

"చెక్కు," అన్నాడు రాజు. "పదకొండు ఉచ్చులూ అవ్వవి. ఏడో చోట సందు ఈయనది. అందులోంచి పోయిన పిట్టలు, వాటి పిల్లలు, పిల్లల పిల్లలు ఈయనవే."

పిల్లల సంగతి విని ఆసామి మరీ మురిసిపోయాడు. రేకును నెత్తిన పెట్టుకుని ఊరేగినంత పని చేశాడు.

మనుషుల్ని కూర్చోబెట్టాడు. పిట్టలు నడిచి వస్తాయనుకున్నాడు. ఉచ్చుల మధ్య నుంచి బయటపడ్డ కౌజుపిట్ట ఎక్కడైనా నడుస్తుందా? బుర్రుమని లేచిపోతుంది. ఆ సంగతి అవ్వకు తెలుసు. వలల వాళ్లకు పది రోజుల్లో ఒక్క ఈక దొరికింది, అదీ పాతదే.

ఇంతలో కొర్రచేలు వెన్ను తీశాయి. కౌజుపిట్టలు గుంపులు గుంపులుగా వచ్చి పడ్డాయి. రైతులు తలలు బాదుకున్నారు. ఏటా ఆకాశాన్ని తిట్టేవాళ్లు. ఆ ఏడు తిట్టడానికి ఒక మనిషి దొరికాడు. అందరూ కలిసి వేట సామాన్ల అంగడి ముందు నిలబడ్డారు.

"అయ్యా, తమరి పిట్టలు మా చేలు మేస్తున్నాయి," అన్నాడు పెద్దరైతు.

"నా పిట్టలేమిటయ్యా?"

"అవ్వ ఉచ్చులో పడ్డవి అవ్వ గంపలో ఉన్నాయి. పడకుండా పోయినవి తమరివి. రేకు మీద ఉందంట."

"అడవిలో పిట్టలన్నీ ఆ సందులోంచే వచ్చాయా? అసలు అటువైపే రానివి ఉండవూ?"

"ఉండొచ్చు. ఏవి రానివో చూపించండి, వాటిని వదిలేస్తాం."

తలపాగా ఆసామి చేను వైపు చూశాడు. అన్ని పిట్టలూ ఒక్కలాగే ఉన్నాయి.

తగవు మళ్లీ సభకు పోయింది. రాజు రేకు చదివించుకుని విన్నాడు. "పశువు చేలో పడితే ఎవరు తోలాలి?" అని అడిగాడు. "పశువు గలవాడు," అన్నారు రైతులు. "అయితే పిట్టగలవాడు తోలతాడు," అన్నాడు రాజు.

అట్లా తలపాగా ఆసామి మంచె ఎక్కాడు. తెల్లవారకముందే ఎక్కడం, పొద్దుగూకాక దిగడం. హోయ్ హోయ్ అని అరిచి అరిచి గొంతు పోయింది. ఒడిసెలతో రాయి విసరబోతే దాని తాడు తెగింది. ఇక చేసేది లేక జలతారు తలపాగా విప్పి, మడతపెట్టి, దాన్నే ఒడిసెల చేసుకున్నాడు.

అవ్వ గంపతో ఆ దారినే పోతూ ఆగింది.

"నాయనా, ఒడిసెలకు రేకు ఎవరి దగ్గరుందో కనుక్కుని విసురు. మళ్లీ ఏ భటుడైనా వస్తాడు," అంది.

ఆసామి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే దించాడు. ఆ రోజంతా వట్టి చప్పట్లు కొట్టాడు. చప్పట్లకు కూడా అటూ ఇటూ చూసి మరీ కొట్టాడు.

వారం తిరిగేసరికి ఆయన మంచె దిగి, చింపిరి తలతో అవ్వ గుడిసెకు వచ్చాడు. చేతిలో రాగిరేకు.

"తీసుకో తల్లీ. ఉచ్చు నీది, సందు నీది, పిట్టలు నీవి. దీన్ని వదిలించు," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజంగానే.

"ఉచ్చు ఒక్కటే నాది. తక్కినవి నాకూ వద్దు," అంది అవ్వ.

ఇద్దరూ రాయసం దగ్గరికి పోయారు. రాయసం తల గోక్కున్నాడు. "రాగి మీద చెక్కింది తుడిస్తే పోదు," అన్నాడు. చివరికి ఒక మేకు తెచ్చి, ఏడో ఉచ్చు అని రాసి ఉన్న చోట సుత్తితో కొట్టాడు. రేకుకు గుండ్రంగా చిల్లు పడింది.

అవ్వ రేకును వేలితో తట్టి చూసింది. ఖంగుమంది. చిల్లులో తాడు దోపి, దాన్ని కొర్రచేలో గడకు వేలాడదీసింది. గాలి వీచినప్పుడల్లా మోగడం మొదలెట్టింది. పిట్టలు బెదిరి అడవి వైపు తిరిగాయి. రేకు ఒక పనికి వచ్చిందని రైతులు సంతోషించారు.

అవ్వ మళ్లీ పన్నెండూ కట్టింది. ఏడోదాన్ని వదులుగా కట్టింది.

ఈ వింత చూడాలని ఒక ఉదయం రాజు అడవికి వచ్చాడు. వెంట తలపాగా లేని ఆసామి. అందరూ పొదచాటున కూర్చున్నారు. ఒక తల్లిపిట్ట ముళ్లకంప వెంట నడుచుకుంటూ వచ్చి ఏడో ఉచ్చులో దూరింది. మెడ విదిలించుకుని బయటపడి, ఒక కూత కూసింది. గడ్డిలోంచి దాని కూతకు బదులుగా కిచకిచమని పిల్లల కూతలు వినిపించాయి. తల్లి బుర్రుమని అటు ఎగిరింది.

రాజు చాలాసేపు ఆ గడ్డినే చూశాడు. తర్వాత కొంటెగా ఆసామి వైపు తిరిగాడు.

"ఏమయ్యా, ఆ పిట్ట ఎవరిది?"

ఆసామి మబ్బుల వైపు చూస్తున్నాడు.

"ఏ పిట్ట ప్రభూ?" అన్నాడు.