తెప్ప మీది పసుపు

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. ఒరే చిన్నాడా, కాళ్ళు ముడుచుకో, చెల్లికి చోటివ్వు.

అనగా అనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో దేముడమ్మ అని చేపలమ్ముకునే ఆవిడ. ముసురు వెలిసిన ఒక పొద్దున, నీడన పడున్న పాత తెప్ప వైపు చూసింది. దుంగల మీద పచ్చగా, తడితడిగా పసుపు ముద్ద!

"ఓలమ్మా! గంగమ్మ తల్లి దిగొచ్చి పసుపు పూసిందర్రా!" అని ఊరంతా చాటింది.

అది పసుపు కాదు నాన్నా, బంక బూజు. మొక్కా కాదు, జంతువూ కాదు. తల లేదు, కళ్ళు లేవు. అయినా తిండి ఎటుంటే అటు పాకుతుంది. రెండు ముక్కలు చేస్తే రెండూ బతుకుతాయి. ఎండితే నిద్రపోతుంది, తడి తగిలితే లేస్తుంది. ఇదంతా దేముడమ్మకి ఎవరు చెప్తారు?

ఆ రోజే పోటు తీసి నీళ్ళు వెనక్కి పోయేసరికి, ఇసక మేట వెనక గుంటలో ఒక డాల్ఫిన్ పిల్ల చిక్కుకుపోయింది. డాల్ఫిన్ చేప కాదు సుమా! మనలాగే గాలి పీలుస్తుంది, తల్లి పాలు తాగుతుంది, అమ్మ గొంతు ఆనవాలు పడుతుంది. మేటకి అవతల తల్లి అటూ ఇటూ తిరుగుతోంది. ఇవతల పిల్ల ఈల వేస్తోంది.

దేముడమ్మ చేపల గంప అక్కడే దించేసి పరిగెత్తింది. ఆడవాళ్ళని పిలిచి, పిల్లని వలలో చుట్టి లాగించింది. వల కోసుకుని దాని ఒంటి మీద నెత్తురొచ్చింది. అప్పుడు చేతుల్తో కాలవ తవ్వారు. తవ్వింది తవ్వినట్టే కూలిపోయింది. అప్పుడు తెప్ప గుర్తొచ్చింది. మగవాళ్ళు వేటకి పోగా ఒడ్డున మిగిలింది అదొక్కటే. పిల్లని దాని మీదికెక్కించి ఈడిస్తే సరి!

ఊరిపెద్ద కొర్లయ్య అడ్డంగా నిలబడ్డాడు. "పసుపు పడ్డ తెప్పని పూజ అవకుండా కదుపుతావేటే? వేటకెళ్ళినోళ్ళు రావాలి, కోడిని కొయ్యాలి. నీ మొగుడూ నీళ్ళ మీదే ఉన్నాడు, మర్చిపోనావా?"

"మావా, అది పసుపో కాదో! నానేదో వాగీసాను."

"పొద్దున్న తల్లి పూసిందన్న నోరు ఇదేనా?"

దేముడమ్మ తెప్ప మీద చెయ్యి వేసింది. మొగుడు కళ్ళలో మెదిలాడు. చెయ్యి తీసేసింది.

ఇంక చేసేదేముంది? కుండతో నీళ్ళు తెచ్చి పిల్ల మీద పోస్తూ కూర్చుంది. గుంట ఇంకిపోయింది. దాని ఒళ్ళు దానికే బరువైపోయింది. ఈల సన్నబడింది. మళ్ళీ పోటు రాకముందే ఆగిపోయింది.

మర్నాడు చూస్తే తెప్ప మీద పసుపు లేదు. పక్కనున్న కుళ్ళిన తాటిమొద్దు మీదికి పాకేసింది.

"తల్లి దిగిపోయింది. ఇంక తీసుకెళ్ళవే," అన్నాడు కొర్లయ్య, తల వంచుకుని.

దేముడమ్మ ఆ తెప్ప మీదే పిల్లని ఈడ్చుకెళ్ళి నీళ్ళలో వదిలింది. అప్పుడు దాని తల్లి వచ్చింది. ముక్కుతో పిల్లని పైకెత్తింది, గాలి పీల్చమని. పిల్ల మునిగిపోయింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ ఎత్తింది.

తర్వాతా? తర్వాత ఏమీ లేదు నాన్నా.

కథ కంచి దారి పట్టింది,
అమ్మ కంచంలో అన్నం పెట్టింది.
లేవండి, చల్లారకముందే ఇళ్ళకి పోయి తినండి.