రేగడిపేట సంతదారి గొయ్యి

ఈ కథ మొదట చెప్పింది మా మేనత్త కన్నెమ్మ. ఆవిడ గవరమ్మకి మునిమనవరాలు, అబద్ధమాడదు. పక్కవీధి వాళ్ళు వేరేలా చెబుతారు. వాళ్ళ మాట నా దగ్గర ఎత్తకండి.

అనగనగా రేగడిపేటలో వారం వారం సంత జరిగేది. వచ్చిన ప్రతి బండీ ఆశీలు కట్టాలి. కట్టిందంతా రాజుగారి ఖజానాకే, ఊరికి చిల్లిగవ్వ మిగలదు. ఊ కొడుతున్నారా?

ఊరిపెద్ద ఎర్రినాయుడి కోడలు గవరమ్మ. కాపురానికొచ్చిన కొత్తలోనే ఒక వింత చూసింది. సంత ముందురోజు మామగారే దగ్గరుండి కాలవనీళ్ళు సంతదారి గోతిలోకి మళ్ళిస్తున్నాడు. ఇదేం పనని అత్తగారిని అడిగింది. గొయ్యి పూడిస్తే బండి దిగబడదు, బండి దిగబడకపోతే మన ఎద్దులతో లాగించుకోరు, లాగించుకోకపోతే మనకు బెల్లం ముట్టదు అందట అత్తగారు. బళ్ళు రావడం మానేస్తేనో అంటే, పోయే ఆశీలు రాజుగారిదే కదా, మనదా అందట.

మానేశాయి మరి. ఆశీలు పడిపోయింది. సంగతేమిటో చూద్దామని రాజుగారే బయల్దేరి, వచ్చి వచ్చి ఆ గోతిలోనే దిగబడ్డాడు. నవ్వకండర్రా, మోకాళ్ళదాకా బురద. సంతని పక్కూరికి మార్చేస్తాను, ఊరిపెద్దని బందిఖానాలో వేస్తానన్నాడు. సంత పోతే ఊళ్ళో పొయ్యి వెలగదు. గవరమ్మే బిందెడు నీళ్ళు తెచ్చి రాజుగారి కాళ్ళ ముందు పెట్టింది.

"దొరా, ఈ సంత మీ పాడిగేదె. పాలన్నీ మీ ఇంటికి, పేడ మాకు. పేడ కోసం మేపేవాడు పాలు పెరగాలని మేపుతాడా? మాకూ ఒక గిన్నె వదలండి, ఎలా మేపుతామో చూడండి."

"గిన్నె అంటే ఎంత తల్లీ?"

"నాలుగో వంతు."

రాజుగారు కాళ్ళు కడుక్కుంటూ ఆలోచించి, ఏడాది చూస్తానన్నాడు. ఆశీలు పెరక్కపోతే సంతా ఉండదు, మీ మామా ఉండడన్నాడు.

ఇంకేముంది, నీళ్ళు మళ్ళించిన చేతులే గోతిలో మొరం పోశాయి. ఎద్దులకి కుడితితొట్లు, మనుషులకి తాటాకు పందిళ్ళు. బెల్లం పోయిందని అత్తగారు కొన్నాళ్ళు మూతి ముడుచుకుందనుకోండి. గానుగ పెట్టుకుంటానని ఒకడొచ్చాడు, వాణ్ణి చూసి మగ్గం వేసుకుంటానని ఒకడు, వాళ్ళిద్దర్నీ చూసి కొలిమివాడు. పక్కూరి పెద్దకి కడుపు మండి, మా సంతలో ఆశీలే లేదు రండహో అని దండోరా వేయించాడు. బళ్ళు అటు వెళ్ళాయి. ఆశీలు లేనిచోట ఊడ్చే దిక్కేది, తొట్టి నింపే దిక్కేది? ఎద్దులు దాహానికి అరిచేసరికి వెళ్ళిన బళ్ళన్నీ వెనక్కొచ్చాయి.

ఏడాది తిరిగేసరికి రాజుగారి మూడు వంతులే పాత మొత్తాన్ని మించిపోయాయి. నా ప్రాణం నిలబెట్టావమ్మా అని ఎర్రినాయుడు నలుగురిలో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పాలల్లో వాటా ఉన్నవాడే గేదెకి గడ్డి వేస్తాడు నాయనా. ఇవాళ మనం ఆ సంతలో ఉప్పూ చింతపండూ కొనుక్కుంటున్నామంటే గవరమ్మ చలవే. ముద్ద ఎత్తినప్పుడల్లా తలుచుకోండి.

కథ గూట్లోకి, మీరు దుప్పట్లోకి.

ఒక్కటే నా మనసులో ముల్లు. సంత మొదట్లో రాయి మీద ఎర్రినాయుడి పేరుంది, నేనే కూడబలుక్కుని చదివాను. గొయ్యి తడిపినవాడి పేరా రాయి మీద? మీలో ఎవరైనా పెద్దయ్యాక అది చెరిపించి, గవరమ్మ పేరు చెక్కించండర్రా.