ఏడు వాకిళ్ళు దాటిన చల్లకుండ

ఒకానొక రాజ్యంలో (పేరు చెబితే అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు, వద్దులెండి) గజబాహుడనే రాజు ఉండేవాడు. ఆయనకు సాముగరిడీలంటే ప్రాణం. ఎవరైనా దణ్ణం పెడితే ముందు వాడి భుజాలు చూసి, ఆ తరవాతే మొహం చూసేవాడు. కవి వచ్చి పద్యం చదివితే "పద్యం సరేనయ్యా, రోజుకు దండీలు ఎన్ని తీస్తావు?" అని అడిగేవాడు. పాపం, కవులు ఆ ఊరి దారే మానేశారు.

ఆ ఏడు విజయదశమికి తన మల్లులను కుస్తీ పందేలకు పంపుతానని పొరుగు రాజు కబురు చేశాడు. ఇంకేం! గజబాహుడు స్వయంగా మల్లులు సాము చేసే తాలింఖానాకు వెళ్ళాడు. "ఇప్పటిదాకా రోజుకు ఐదువందల దండీలు తీశారు. రేపటినుంచి రెండువేలు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. సెలవు అన్న మాట నాకు వినపడకూడదు" అని ఆజ్ఞ వేశాడు.

అక్కడి వస్తాదు ఎల్లమంద. ముప్ఫై ఏళ్ళుగా మల్లులను తీర్చిదిద్దుతున్నవాడు. "మహాప్రభో, ఒళ్ళు అలిసినాక దానికి కాస్తంత..." అంటూ నోరు తెరిచాడు. రాజు చూసిన చూపుకి మళ్ళీ మూసుకున్నాడు.

పది రోజులు తిరిగేసరికి ఇరవైమంది మల్లుల్లో పదిహేడుమందికి పడిశం పట్టింది. కొందరికి జ్వరం కూడా తగిలింది. ఏనుగుతో తలపడగల మనుషులు కంబళ్ళు కప్పుకుని, మిరియాల కషాయం తాగుతూ, పిల్లల్లా ముక్కులు చీదుకుంటున్నారు.

రాజుకు ఒళ్ళు మండిపోయింది. "అంతా నటన! ఈ వస్తాదు గారాబం చేసి చెడగొట్టాడు. పండక్కి ఇంకా పదిహేను రోజులుంది. ఆనాటికి ఒక్కడు మంచం మీదున్నా సరే, ఎల్లమంద పెళ్ళాం పిల్లలతో పొలిమేర దాటాల్సిందే. అందాకా దండీలు మూడువేలు!"

ఆ కొలువులోనే కోనప్ప అనే మాటకారి ఉన్నాడు. మనిషి బక్కపలచన, నోరు మాత్రం పదును. అతను సాయంత్రం ఎల్లమంద ఇంటికి వెళ్తే, వస్తాదు భార్య అప్పుడే గిన్నెలూ చాపలూ బండికెత్తిస్తోంది. ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి కోనప్ప తిన్నగా వస్తాదు పక్కన కూర్చున్నాడు.

"ఎల్లమందా, మిగతా ముగ్గురికీ పడిశం ఎందుకు పట్టలేదు?" అని అడిగాడు.

"వాళ్ళు వంటకు పెట్టినోళ్ళు కోనప్పా. పొద్దున్నే ఐదువందలు తీసి, ఆనక గరిటె తిప్పుకుంటారు. అదే గదిలో ఆ దగ్గుల మధ్యనే పడుకుంటన్నారు. ఒక్కడికీ ముక్కు కారలా."

"ఈ మాట రాజుగారితో అనలేకపోయావా?"

"అంటే మెడ మీద తలకాయ ఉండనిస్తాడా?"

నిజమే. ఆ రాజు చెవికి ఎక్కని మాటను కంటికి చూపించాలి. కోనప్ప తెల్లవారగానే కోటకు వెళ్ళాడు.

"ప్రభూ, మన కోట కావలివాళ్ళు బొత్తిగా మెత్తబడ్డారు. వాళ్ళకూ తాలీము పెట్టిస్తే?"

రాజు మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళకు ఒక మంచి మాట అన్నావోయ్! ఎన్ని దండీలు?"

"నేనైతే ఓ ఐదువందలు..."

"రెండువేలు! ఆపైన కొండ కింది నుంచి బురుజు దాకా సంగిడి రాళ్ళు మోయించు. ముగియగానే తిన్నగా కాపలాకు పంపు."

"మధ్యలో కాస్త విశ్రాంతి?"

"నా ఎదుట ఆ మాటెత్తకు!"

"చిత్తం" అన్నాడు కోనప్ప. అతనికి కావలసిందీ అదే.

ఆ కోటకు ఏడు వాకిళ్ళు. ప్రతి వాకిట్లోనూ పేరు, ఊరు, తండ్రి పేరు, వచ్చిన పని చెబితేగాని లోపలికి వదలరు. ఒకసారి రాజుగారి బావమరిదినే మూడో వాకిట్లో ఝాముసేపు నిలబెట్టారు. అంత నిక్కచ్చి మనుషులు వాళ్ళు.

మూడో రోజు మధ్యాహ్నం నిండు కొలువు జరుగుతోంది. మంత్రి ఏదో గంభీరంగా చెబుతున్నాడు. ఇంతలో గుమ్మం దగ్గర "చల్లోయ్, చిక్కటి చల్ల!" అని కేక వినపడింది. చల్లమ్ముకునే ముసలి గురవమ్మ నెత్తిన కుండతో తాపీగా సభలోకి నడిచి వచ్చింది.

"ఎవరే నువ్వు? ఎవరు రానిచ్చారు నిన్ను?" రాజు గద్దె మీద నుంచి లేచాడు.

"ఎవరూ రానియ్యలా, ఎవరూ ఆపనూలా నాయనా. ఇరవయ్యేళ్ళ బట్టి నన్ను మొదటి వాకిట్లోనే తరిమేవోళ్ళు. ఈ కోనప్పబాబు ఇయ్యాల లోపలికెళ్ళమంటే వచ్చా. ఒకడు ఈటె పట్టుకునే గురక పెడతన్నాడు. ఏడో వాకిట్లోవాడి కాలు తొక్కా గూడా, లేస్తేనా! పొయ్యమంటావా ఒక ముంత?"

"ఆ కావలివాళ్ళను పట్టి తెండి! కొరడాలతో..." రాజు గొంతు మేడ అదిరిపోయేట్టు లేచింది. అంతలో కోనప్ప మీద చూపు పడి ఆగింది. "ఇది నీ పనా? చల్లకొచ్చి ముంత దాచకు. చెప్పు!"

కోనప్ప చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, వాళ్ళు మొన్నటిదాకా ఈగను కూడా చొరనివ్వనివాళ్ళు. తమరి ఆజ్ఞ ప్రకారం రెండువేల దండీలు తీశారు, రాళ్ళు మోశారు. కండలు రేపో మాపో వస్తాయి. ఈ లోపల కోటను ఎవరు కాయాలి?"

రాజు మెల్లగా గద్దె మీద కూర్చున్నాడు.

"ఒంట్లోనూ ఇలాంటి కావలివాళ్ళే ఉంటారు ప్రభూ. పడిశమూ దగ్గూ ఎప్పుడూ వాకిలి బయట తచ్చాడుతూనే ఉంటాయి. మితంగా కసరత్తు చేస్తే ఆ కావలివాళ్ళు చురుగ్గా ఉంటారు. తాలింఖానాలో రోజూ ఐదువందలే తీసే వంటవాళ్ళు ముగ్గురే సాక్ష్యం. ఊపిరి తిప్పుకోనివ్వకుండా ఒంటిని గుంజితే వాళ్ళు సొలసిపోతారు. అప్పుడు జ్వరం ఈ అవ్వలాగే నెత్తిన కుండ పెట్టుకుని నడిచొస్తుంది. ఎల్లమంద తప్పేముంది ఇందులో?"

రాజు గడ్డం నిమురుకున్నాడు. ఓడిపోవడం ఆయనకు అలవాటు లేదు.

"అలాగైతే మరి నేను? నేనూ రోజూ రెండువేలు తీస్తున్నానే! నాకు ఒక్క తుమ్మయినా రాలేదేం?"

కోనప్పకు ఎల్లమంద బండి గుర్తొచ్చింది. జరిగేది జరగనీ అనుకున్నాడు.

"తమరి వెనక నిలబడి లెక్కపెట్టే భటుడున్నాడే, వాడికున్న హస్తవాసి ఏ వైద్యుడికీ లేదు ప్రభూ. పది కాగానే వెయ్యి అంటాడు. ఇరవై కాగానే రెండువేలంటాడు."

రాజు మొహం కందగడ్డయింది. గిరుక్కున వెనక్కి తిరిగితే, లెక్కల భటుడు స్తంభం చాటుకు జరుగుతున్నాడు. వాణ్ణి చూడగానే రాజు పెదవి వణికింది, పొట్ట కదిలింది, ఆపైన సభంతా మోగేట్టు నవ్వు వచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వి, చేతి బంగారు కడియం తీసి కోనప్పకు తొడిగాడు. అది ఆ సన్నటి చేతి మీద భుజం దాకా జారిపోయింది.

"కావలివాళ్ళను పడుకోనివ్వండి. మల్లులు కోలుకునేదాకా తాలింఖానా తలుపులు తీయొద్దు. ఆ తరవాత అక్కడ లెక్కపెట్టేదీ ఈ భటుడే!" అన్నాడు రాజు. "అవ్వా, అందరికీ చల్ల పొయ్యి."

ఎల్లమంద ఇంట్లో ఆ సాయంత్రమే బండి దించారు.

పందేల నాటికి ఇరవైమందీ బరిలో నిలబడ్డారు. పొరుగు రాజు మల్లులు మాత్రం దారి పొడవునా తుమ్ముకుంటూ వచ్చారు. వాళ్ళ రాజు నాలుగువేల దండీలు తీయించాడట. అక్కడ కోనప్ప లేడు మరి!