హారతి పట్టిన ప్లాస్టిక్ ఉకులేలే

వేణుకొండ రాజావారికి ఆ ఏడు వానాకాలంలో ఒక వింత కోరిక పుట్టింది.

ఓడల వర్తకుడొకడు చిన్న వాయిద్యం కానుకిచ్చి వెళ్ళాడు. పేరు ఉకులేలే. నాలుగు తీగలు, మూరెడు పొడవు, నిలువెల్లా ప్లాస్టిక్. వానకు ఉబ్బదు, చెద పట్టదు, మాసిపోతే తడిగుడ్డతో తుడిస్తే చాలు. రాజావారు భోజనానికి కూడా దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చునేవారు.

"గవరయ్యా, ఇలాంటిదే పనసకొయ్యతో చేసి తీసుకురా. పదిహేను రోజులు గడువు. రెంటిలో ఏది మేలో సభలో తేల్చుదాం" అన్నారు.

గవరయ్య ఆ కొలువులో వీణలు చేసేవాడు. మూడు తరాలుగా ఆ ఇంటివాళ్ళదే ఆ పని. సంతకం పెట్టమంటే నాలుగు గీతలు గీసేవాడు గాని, కొయ్య మీద వేలు పెడితే అది ఎన్నాళ్ళు ఆరిందో చెప్పేసేవాడు.

అతను నోరు విప్పేలోపే ఆస్థాన విద్వాంసుడు కూర్మనాథశాస్త్రి అందుకున్నాడు.

"ప్లాస్టిక్ అంటే సబ్బుపెట్టెలు చేసే సరుకు ప్రభూ, అందులో నాదం ఉండదు. ఇక ఇతగాడి కొయ్య అంటారా, ఎప్పుడూ పచ్చిదే. నా చెవికి తెలియదా? మొన్నటి రెండు వీణలూ అందుకే తిప్పి పంపాను. తంజావూరు నుంచి మరొకణ్ణి పిలిపించుకోవడం మంచిది."

ఆ రెండు వీణల కొయ్యా ఎనిమిదేళ్ళు అటక మీద ఆరింది. శాస్త్రి వేలితో రెండు దెబ్బలు తట్టి, "పచ్చి" అని లేచి వెళ్ళిపోయిన రోజు ఏ వారమో, ఏ తిథో గవరయ్యకు గుర్తే. ఆనాడు శాస్త్రి భుజం మీది కండువా అంచు రంగు కూడా గుర్తే.

"శాస్త్రులవారి మాట నిజమైతే అలాగే పిలిపిద్దాం" అన్నారు రాజావారు.

మూడు తరాల కొలువు ఆ ఒక్క మాట మీద వేలాడింది.

గవరయ్య చేతులు కట్టుకున్నాడు. "చిత్తం. కొలతలకు తమ ఉకులేలే నాకు ఇప్పించాలి. గడువు నాటికి సభలో తెర కట్టించండి. వెనక కూర్చుని మూడుసార్లు వాయిస్తాను. ప్రతిసారీ అది దేంతో చేసిందో శాస్త్రులవారు చెప్పాలి. తప్పితే నా కొలువు నాకుండాలి. మూడూ ఒప్పైతే నా ఉలీ బాడిసా ఇక్కడే దించి పోతాను."

"మూడేం ఖర్మ, ముప్ఫైసార్లు వాయించుకో" అన్నాడు శాస్త్రి.

ఇంటికి వెళ్ళి గవరయ్య ఆ ప్లాస్టిక్‌ను ఎగాదిగా చూశాడు. తీగల కింది మెట్లతో సహా అచ్చులో పోసి తీశారు. మైనం కాచి మెట్లు నిలపడానికి రోజుల తరబడి నడుం వంచే మనిషికి ముందు ఒళ్ళు మండింది. మీటి చూశాక మంట తగ్గింది. పైరేకు పలచగా పోశారు, నాదం తిరగడానికి కడుపులో చోటు వదిలారు. ఎవడు చేశాడో గాని పని తెలిసినవాడే.

గడువు రోజు సభ నిండింది. గవరయ్య చంకలో మూటతో తెర వెనక్కి వెళ్ళాడు.

మొదటిసారి ఊరికే మీటాడు.

శాస్త్రి ముఖం చిట్లించాడు. "ప్లాస్టిక్. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంది."

రెండోసారి మీటే ముందు తెర వెనక కొయ్య మీద టకటకా తట్టిన చప్పుడైంది.

"పచ్చి పనస. చెట్టు కొట్టి ఆర్నెల్లు కాలేదు. ఇంకా పాలు కారుతోంది."

కొత్త వీణకు తొలి తీగ మీటే ముందు కుంకుమ పెట్టి హారతివ్వడం ఆ కొలువులో ఆచారం. మూడోసారి తెర వెనక గంట మోగింది. కర్పూరం వాసన సభంతా పరుచుకుంది. ఆ తర్వాత తీగలు పలికాయి.

శాస్త్రి కళ్ళు మూసుకుని తల ఊపాడు. "ఇదీ కొయ్య అంటే. నూరేళ్ళ పనస. గవరయ్య చేసింది కాదు ప్రభూ, ఎక్కడో అరువు తెచ్చి ఉంటాడు."

రాజావారు తెర తీయించారు.

గవరయ్య ఒళ్ళో ఉన్నది ఒకటే వాయిద్యం. రాజావారి ప్లాస్టిక్ ఉకులేలే, మెడ దగ్గర కుంకుమ బొట్టుతో.

"మిగతా రెండూ ఏవయ్యా?"

"మూడుసార్లు వాయిస్తానన్నాను గాని మూడు తెస్తాననలేదు మహారాజా. మొదట అయ్యగారు చెప్పింది నిజమే, ప్లాస్టిక్కే. తర్వాత రెండుసార్లూ కూడా ఇదే.

రెండోసారి వారు విన్నది నేను తట్టిన ఈ పీటను. మూడోసారి విన్నది కర్పూరాన్ని."

సభ గొల్లుమంది. రాజావారు కళ్ళు తుడుచుకుంటూ, "మరి నేను చెయ్యమన్న పనస ఉకులేలే ఏదోయ్?" అన్నారు.

"కొయ్య ఆరుతోంది దొరా. ఆరిన దుంగలు ఆ రెండు వీణలకే సరిపోయాయి. తొందరపడి చేస్తే శాస్త్రులవారు పచ్చిదంటారు. ఈసారి ఆ మాట నిజమై కూర్చుంటుంది."

రాజావారు చేతి కడియం తీసి గవరయ్యకు తొడిగారు. "ఇంకేం కావాలో అడుగు."

"ఆ రెండు వీణలూ శాస్త్రులవారు ఇక్కడే వాయించాలి. నేను ఎదురుగా కూర్చుని వినాలి."

"అలాగే. ఇకమీద ఈ కొలువులో కొయ్య సంగతి నువ్వు చెబుతావు, శాస్త్రులవారు వాయిస్తారు."

మళ్ళీ నవ్వులు. అందరికంటే ఆలస్యంగానైనా, శాస్త్రి కూడా నవ్వాడు.