గవరమ్మ తెంచిన గట్టు

మీ తాతలకు తాతలు దోగాడే రోజుల మాట ఇది. మీరు ఊఁ కొడుతుంటేనే చెబుతాను. కునికిపాట్లు పడేవాళ్లకి చెప్పను.

ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో గవరమ్మ అనే పేదింటి పిల్ల. మొదట బడి ఊడ్చింది. తరువాత బడిలో చదివింది. ఆ తరువాత బడిలో చెప్పింది. చిన్నబడి చాలదని, కాలేజీ కట్టాలనుకుంది. మెరక మీద చేనున్న ముత్యాలనాయుడిని స్థలం అడిగింది.

"కూలోళ్ల పిల్లలకి సదువులెందుకమ్మా? నా సేను నాకుండనీ" అన్నాడాయన.

ఇంకేం చేస్తుంది? ఊరవతల పల్లంలో మొదలుపెట్టింది. చందాల కోసం కాళ్లరిగేలా ఇల్లిల్లూ తిరిగింది. జుట్టు నెరిసేసరికి కాలేజీ లేచింది. దానికి ఆమే పెద్ద. ఆమె మీద గురి కుదిరి, ఊరు కూడా ఆమెనే పెద్దగా పెట్టుకుంది.

ఒక ఏడు వాన పట్టుకుంది. ఏరు పొంగి ఊరి మీదకి వస్తోంది. పడవవాళ్లొచ్చి, "అమ్మా, పల్లం వైపు గట్టు తెంపాల" అన్నారు. ఆమె కాలేజీలోని పిల్లల్ని బయటికి తెమ్మని మనుషుల్ని పంపింది. రైతులొచ్చి, "గట్టు తెంపాల" అన్నారు. చివరికి ముత్యాలనాయుడే తడుస్తూ వచ్చి తలొంచుకుని నిలబడ్డాడు.

"గట్టు తెంపాలమ్మా. తెంపితే కాలేజీ పోద్ది. తెంపకపోతే ఊరే పోద్ది. పెద్దదానివి, నువ్వే సెప్పాల."



"పిల్లలందరూ బయటికొచ్చేశారా?" అని అడిగింది గవరమ్మ.

"వచ్చేసినారమ్మా."

"అయితే ఆ గునపం ఇలా ఇయ్యి నాయుడూ. ముందు దెబ్బ నేనే వేస్తాను. మా కాలేజీని ఎవరు ముంచారని రేపు పిల్లలు అడిగితే, మీలో ఎవరి పేరూ చెప్పక్కర్లేదు."

ఊరు నిలిచింది. కాలేజీ కూలింది. ఆమె చుక్క కన్నీరు పెట్టలేదని కొందరంటారు. వట్టి మాట! గట్టు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడవదూ మరి?

నీళ్లు తీశాక నాయుడు మళ్లీ వచ్చాడు. "అప్పుడు అడిగితే ఇవ్వలేదు. ఇప్పుడు అడక్కుండా ఇస్తన్నాను. నా మెరక సేను కాదనకు తల్లీ" అన్నాడు.

ఆమె కాదనలేదు. ఇంటింటి నుంచీ ఇటుకలు వచ్చాయి. ఒక ముసలమ్మ తన పొయ్యి విప్పి ఇటుక తెచ్చింది. "నువ్వు నిలబెట్టిన ఇంట్లోదేనమ్మా" అంది.

గోడలు లేస్తుండగానే గవరమ్మ కన్నుమూసింది. కప్పు చూడలేదు, పాపం.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరు ఇల్లు కట్టుకున్నా మొదటి ఇటుక తమ పునాదిలో పెట్టరు. కాలేజీకి మోసుకెళ్లి ప్రహరీగోడలో పెడతారు. "గవరమ్మ ఇల్లు ముందు, మన ఇల్లు తరవాత" అంటారు. ఆ గోడ కొంత ఎర్రగా, కొంత నల్లగా, వంకరటింకరగా సాగుతూనే ఉంది. అది పూర్తయిందని ఎవరూ అనరు, ఎవరినీ అననివ్వరు.