సగంలో తిప్పకూడని తాళం

ఇది నమ్మనివాడెవడైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి. తర్వాత ముసిముసి నవ్వులు నవ్వితే ఊరుకునేది లేదు.

బెజవాడ ఆటోనగర్లో దరియా హుస్సేన్ ఉస్తాద్ అంటే మామూలు మెకానిక్ కాదు. బ్యారేజీ మీద పోతున్న లారీ చప్పుడు తన షెడ్డులో కూర్చుని విని, ఏ సిలిండరు పనిచేయడం లేదో చెప్పేసేవాడు. ఆయన శిష్యుడు ఏసురత్నం కారు కంప్యూటర్ల పనిలో అంతటివాడు. అంతటివాడూ ఆ పొద్దున ల్యాప్‌టాప్ ముందు కూర్చోడానికి జంకాడు.

కారు కుసుమాంబ గారిది. ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పే కారు. అది కదిలితేనే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఇంజనును నడిపించే ఈసీఎమ్ పెట్టె వాననీటికి తడిసి చచ్చింది. ఆ మోడల్ రావడం ఆగిపోయి చాలాకాలమైంది. ఎక్కడెక్కడో గాలించి కోయంబత్తూరు నుంచి కొత్త పెట్టె తెప్పించారు. దేశం మొత్తం మీద ఇంకోటి లేదు.

కొత్త పెట్టెకు ఏమీ తెలియదు. ఆ కారు సంగతులన్నీ దానికి ల్యాప్‌టాప్ నుంచి ఎక్కించాలి. ఎక్కుతుండగా తాళం తిప్పితే పెట్టె అక్కడికక్కడే పోతుంది. ఏసురత్నం లోగడ ఒక పెట్టెను సరిగ్గా అలాగే చంపాడు. భయపడి సగంలో తాళం తిప్పేశాడు. అప్పటినుంచీ ఆ పని ముట్టుకోలేదు. ఆవేళ ఉస్తాదే పట్టుబట్టి చేయిస్తున్నాడు.

సగం దాకా బాగానే ఎక్కింది. అక్కడ తెరమీద, ఎంత ఎక్కిందో చూపే గీత ఆగిపోయింది.

మరుక్షణం రేడియేటర్ ఫ్యాను రంకె వేసింది. ఆ హోరుకు ఆటోనగర్ కాకులన్నీ లేచి, గుంటూరు దాకా పోయిగాని వాలలేదు. మీటర్లలో ముళ్ళు ఎగిరెగిరి పడ్డాయి. ఎర్రలైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. ఏమవుతోందని పక్కనే ఉన్న కుసుమాంబ గారు అడుగుతుండగానే ఏసురత్నం చెయ్యి దానంతటదే తాళం మీదికి పోయింది.

"రత్నం, ఇలా వచ్చి కూర్చో," అన్నాడు ఉస్తాద్.

"కాలిపోతుందేమో ఉస్తాద్."

"కూర్చోమన్నానా."

ఉస్తాద్ బల్ల మీద జరిగి చోటిచ్చాడు. తన రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. ఏసురత్నమూ అలాగే కూర్చున్నాడు.

గీత కదల్లేదు. ఫ్యాను ఆగలేదు. కాసేపటికి బల్ల వణుకుతోందని తెలిసింది. ఆ వణుకు తనదేననుకుని ఏసురత్నం ఒళ్ళు బిగపట్టాడు. అయినా బల్ల వణుకుతూనే ఉంది. వణుకు ఉస్తాద్ వైపు నుంచి వస్తోంది.

"మీకూ భయమేనా ఉస్తాద్?"

"లేకపోతే చేతుల మీద ఎందుకు కూర్చుంటానురా?"

ఏసురత్నం అరచేతులు ఇంకాస్త లోపలికి నెట్టుకున్నాడు.

గీత కదిలింది. నిండింది. ఫ్యాను రొప్పి రొప్పి ఆగింది.

"ఇప్పుడు తిప్పు," అన్నాడు ఉస్తాద్.

ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

కోతలంటారా? ఆ బల్ల మీద మూడో మనిషి కూడా ఉంది. చేతులు తిమ్మిరెక్కి, తన కారు తలుపు తను తీసుకోలేక ఏసురత్నం చేత తీయించుకుంది. వెళ్ళి అడగండి. పేరు కుసుమాంబ గారు.