విమానం లెక్కకు ఎగిరిన పావురం

కర్నూలు కోట బురుజులో, రాళ్ళ సందున, ఈరమ్మ అనే పావురం రెండు గుడ్లను పొదుగుతోంది. తోడు మాదన్నను పిట్టలవాడు వలేసి పట్టుకుపోయాడు. అప్పట్నుంచి ఈరమ్మకు గింజ మీద ధ్యాస లేదు, గూడు వదిలే ధైర్యమూ లేదు. ఎదురు గోడ మీద సుంకన్న అనే కాకి రోజూ ఆ గుడ్ల వంక చూసి గుటకలు మింగేది.

ఒక పొద్దున సుంకన్న వచ్చి గూటి అంచున వాలింది.

"కోడలా, మాదన్న బతికే ఉండాడు! విశాఖపట్నం రేవు కాడ పంజరంలోంచి తప్పించుకున్యాడంట. రెక్క విరిగి, నీ పేరే కలవరిస్తాండాడంట పాపం."

ఈరమ్మ గుడ్ల మీంచి సగం లేచింది. "విశాఖ యాడ, మనం యాడ మామా? గుడ్లు చల్లారిపోవూ?"

"పిచ్చిదానా! పొద్దున పోయే విమానాన్ని చూళ్ళేదా? ఈడ టిఫిన్ తిని ఎక్కినోళ్ళు అది అరక్కముందే ఆడ దిగుతారు. రైలైతే వంకర్లు తిరగాల. ఆకాశంలో వంకర్లు యాడివి? సందేళకు వచ్చేస్తావు. అంతదాకా ఎండకు రాళ్ళే గుడ్లను వెచ్చగా కాస్తాయి. కాపలాకు నేను లేనూ?"

కింద మేస్తున్న ముసలి గాడిద ఓబులమ్మ తలెత్తింది. "అమ్మీ, విమానానికి ఆకలైతాదా, ఆయాసమొస్తాదా? పోవద్దు."

"ఊరు దాటని గాడిదకేం తెలుసు దూరాల సంగతి!" అని కాకి నవ్వింది.

ఈరమ్మ కళ్ళలో విరిగిన రెక్కే మెదులుతోంది. గుడ్లను ముక్కుతో దగ్గరకు జరిపి, ఎగిరిపోయింది.

దూరపు కొండలు నునుపు. నల్లమల దాటేసరికే రెక్కలు బరువెక్కాయి. ఎదురుగాలి వెనక్కి తోసింది. డేగకు జడిసి ఒక చింతచెట్టులో దూరింది. బయటికి రాకముందే పొద్దు గుంకింది.

తెల్లారి అక్కడి గువ్వను అడిగింది. "అక్కా, విశాఖ దగ్గరికొచ్చానా?"

"విశాఖా! ఇంకా కృష్ణే దాటలేదు కదమ్మా. ఆ తర్వాత గోదావరి. ఆ తర్వాత ఇంకా చాలా ఉంది."

ముందుకు పోతే గుడ్లు దక్కవు. వెనక్కి పోతే మాదన్న దక్కడు. ఆ కొమ్మ మీదే కుమిలి కుమిలి ఏడ్చి, చివరికి గూటివైపు తిరిగింది.

గూట్లో పెంకులున్నాయి. పక్కనే సుంకన్న ముక్కును రాయికేసి తుడుచుకుంటోంది.

"చెప్పిన యాళకు రాకపోతివి కోడలా. చల్లారిన గుడ్లు ఎవరికి పనికొస్తాయి చెప్పు?"

ఈరమ్మ పెంకులను ముక్కుతో దగ్గరకు జరిపింది. తర్వాత అడిగింది. "మాదన్న... నిజంగా ఆడుండాడా మామా?"

"ఏమో! ఎవరు చూడొచ్చినారు?" అంటూ కాకి ఎగిరిపోయింది.

మేత మేయడం మాని ఓబులమ్మ పైకి చూస్తూ నిలబడింది. ఈరమ్మ ఆ పెంకుల మీదే రెక్కలు పరచి, పొదుగుతున్నట్టు కూర్చుంది. చీకటి పడినా లేవలేదు.

పరాయి రెక్కలతో కొలిచిన దూరాన్ని నమ్మి సొంత గూడు విడిచిపోకూడదు.